నల్లి సోర్తా ఉంది: ఒక అర ఇంచు మర కథ

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఒక ఆదివారం వీడియో కాల్ చేసినాడు. "మామా, నల్లా లీక్ అయితుంది" అన్నాడు. వాడు పుట్టి పెరిగింది హైదరాబాదులో. వెనక నుంచి వాళ్ళావిడ, గుంటూరు అమ్మాయి, "కొళాయి బాగానే ఉంది బాబాయ్‌గారూ, అది బిగించిన చోట కారుతోంది" అని సరిచేసింది. నేను మా మహదేవపుర తెలుగులో "నల్లి యాడ సోర్తా ఉందిరా?" అని అడిగినాను. ఆ అమ్మాయికి నవ్వాగలేదు. వాళ్ళ వైపు నల్లి అంటే మంచంలో కుట్టేది మరి.

ఒక్క ఫోన్‌లో ఒకే వస్తువుకి మూడు పేర్లు. ఈ మూడూ మన తెలుగు ఎవరి పక్కన కాపురం చేసిందో చెప్పే మాటలే. కొళాయి అరవంలోని కుళాయ్‌కి చుట్టం. హైదరాబాదు నల్లా ఉర్దూ, హిందీల నల్ నుంచి వచ్చింది. మా నల్లి అచ్చంగా కన్నడం వాళ్ళది. 1896లో హెసరఘట్ట నీళ్ళు గొట్టాల్లో బెంగుళూరుకి వచ్చినాయి. మహదేవపుర అప్పుడు ఊరి బయట పల్లె, మాకు బావులే దిక్కు. నల్లి అనే మాట నీళ్ళకంటే ముందే మా నోటికి వచ్చేసింది. కావేరి ఐదో దశ నీళ్ళు మా వైపు పల్లెలకి మొదలైంది 2024 అక్టోబరులో. అంతదాకా బోరూ ట్యాంకరే.

సరే, లీకు సంగతి. మావాడికి ఇంట్లో బీరు కాచే సరదా ఉంది. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో అది కేంద్రం వరకు తప్పు కాకుండా పోయింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేదు. ఇక్కడ మాత్రం లైసెన్సు లేకుండా కాచకూడదు, 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం ఉంది. వాడు అక్కడ పది గ్యాలన్ల స్టీలు గుండిగ కొన్నాడు. దాని అడుగు పక్కన అర ఇంచు మరతో ఒక స్టీలు నిప్పిల్ బయటికి ఉంది. దానికి బిగించిన బాల్ వాల్వు మాత్రం బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో కొని సూట్‌కేసులో పట్టుకుపోయింది. మొలక కట్టి పిండిచేసిన బార్లీని అందులో 65 నుంచి 68 డిగ్రీల నీళ్ళలో గంట సేపు నానబెట్టాలంట. అంత వేడి నీళ్ళు కాలి మీద పడితే రెండు మూడు సెకన్లలోనే బొబ్బలెక్కుతుంది. వాడి ఆరేళ్ళ పిల్ల అక్కడే ఆడుకుంటా ఉంటుంది. అందుకే నేను దాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

నేను మహదేవపుర ఇండస్ట్రియల్ ఏరియాలో ముప్పై ఏళ్ళు లేతు మీద పనిచేసినవాణ్ణి. మా షాపులో లీకుని ఒక్క మాటతో చెప్తే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. "చెమరస్తా ఉందా, ఊరతా ఉందా, కారతా ఉందా, సోర్తా ఉందా?" అనేవాడు. చెమర్చడమంటే మర చుట్టూ తడి కనిపించి చుక్క రాలకపోవడం. అది ఇంకొంచెం బిగిస్తే పోతుంది. ఊరడమంటే తుడిచిన కాసేపటికి మళ్ళీ చుక్క కట్టడం, టేపు చాల్లేదని అర్థం. కారడమంటే చుక్క వెంట చుక్క, వాషర్ నలిగిందో లేచిందో చూడాలి. సోరడమంటే సన్నటి ధార. అప్పుడు బిగించి లాభం లేదు, అతుకే తప్పు. ఇందులో మొదటి మూడూ తెలుగు, నాలుగోది కన్నడం. నాలుగూ కలిస్తేనే మా పనికి సరిపోయేది.

మావాడిది సోరుడే. పది చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టినాడు, పానా పెట్టి బలంగా బిగించినాడు, అయినా ఆగలేదు. వాల్వు ఎస్.పి. రోడ్డుది, గుండిగ అమెరికాది అని చెప్పేసరికి నాకు అర్థమయిపోయింది.

బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మర పంటికి 55 డిగ్రీల కోణం పెట్టినాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలు మేలన్నాడు. అక్కడి గొట్టాల మర కూడా 60 డిగ్రీలకే స్థిరపడింది. మన దేశంలో గొట్టాల పని బ్రిటిష్ కొలతలతో మొదలయ్యి ఇప్పటికీ ఐ.ఎస్. 554 పేరుతో అదే దారిలో నడుస్తా ఉంది. చిక్కేమంటే, అర ఇంచులోనూ ముప్పావు ఇంచులోనూ రెండు దేశాల మరకీ ఇంచుకి 14 పళ్ళే. కాబట్టి ఒకటి ఇంకోదాంట్లోకి నాలుగు చుట్లు హాయిగా ఎక్కుతుంది. పావు ఇంచు అయితే అమెరికాది 18, మనది 19, తొందరగానే పట్టుబడుతుంది. అర ఇంచు మోసం చేస్తుంది. లెక్క సరిపోతుంది, పంటి వాలు సరిపోదు. ఆ సందులో నీళ్ళు మెట్లు దిగినట్టు తిరిగి తిరిగి బయటికి వస్తాయి.

"ఇంకా బిగిస్తే?" అన్నాడు. స్టీలు మీద స్టీలు పట్టేసుకుంటుంది, ఊడదీయడానికి కూడా రాదు అని చెప్పినాను. అక్కడి మర ఉన్న వాల్వు ఒకటి కొనుక్కో, లేదా రెండు మరలనీ కలిపే అడాప్టర్ తెచ్చుకో. పాత టేపు ముక్క లేకుండా గీకు. కొత్త టేపు మర మూతిని నీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున నాలుగైదు చుట్లు చుట్టు. గుండిగ గోడ దగ్గర తిండి వస్తువులకి పనికొచ్చే సిలికాన్ వాషర్ వెయ్యి. బార్లీ పోసే ముందు వట్టి నీళ్ళు మరగబెట్టి, చల్లారినాక ఇంకోసారి చూడు. చల్లగా ఉన్నప్పుడు ఆగినది వేడికి సోరవచ్చు. వాడు వాల్వు మార్చినాడు, ఆగిపోయింది.

టేపు రాకముందు గొట్టాల మేస్త్రీలు మరకి నూలు దారం చుట్టి సఫేదా పూసేవాళ్ళు. సఫేదాలో సీసం ఉండేది, తాగేవాటి దగ్గరికి దాన్ని రానివ్వకూడదు. అంతకుముందు సారాయి బట్టీల్లో కుండ మీద కుండ పెట్టి, ఆవిరి పోకుండా అతుకుకి గుడ్డ చుట్టి తడి మన్ను మెత్తేవాళ్ళు. మా అవ్వ ఇదే మెత్తు అనే మాట రాగుల పాతర మూతకి వాడేది. కర్ణాటకలో 2007 జులై 1 నుంచి సారాయి లేదు, పాతరలు అంతకుముందే పోయినాయి. వాటితోపాటే మెత్తడమూ మా ఇంట్లోంచి పోయింది.

నాకు గుచ్చుకున్న మాట ఆ రోజు చివర్లో వచ్చింది. "అమ్మ ఎప్పుడూ నల్లి అనలేదే మామా" అన్నాడు వాడు. మా చెల్లెలు పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో "నల్లి తిప్పండి" అంటే అందరూ నవ్వినారంట. ఆ రోజు నుంచి మాట మార్చేసింది. ఇప్పుడు మా వీధి అపార్టుమెంట్లలోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళూ మా పిల్లల మాటకి నవ్వుతారు, "ఇది తెలుగేనా?" అంటారు. మా పిల్లలు ఇంగ్లీషులోకి తప్పుకుంటారు. 55 డిగ్రీల మర చెడ్డదీ కాదు, 60ది గొప్పదీ కాదు. దాని జత దానికి ఉంటే రెండూ నీళ్ళని ఆపుతాయి.

మీ ఇళ్ళల్లో చెమర్చడానికీ కారడానికీ మధ్య ఏమేం మాటలున్నాయి? మరని తిరుపు అంటారా, చుడీ అంటారా? ఊరి పేరుతో సహా రాయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని అడిగి రాస్తే మరీ మంచిది.