గడప బయట నిలిచిన హార్మోనియం

రాజులను దేశమునుండి వెడలగొట్టుట, గ్రంథములను నిషేధించుట చరిత్రలో విన్నాము. ఒక సంగీతవాద్యమునకు, అదియు ముప్పది ఏండ్లకు పైగా, ప్రవేశము లేదనుట మాత్రము వింతయే. అట్టి శిక్ష ననుభవించినది భజన మందిరములలో నిత్యము వినిపించు హార్మోనియం. శిక్ష విధించినది మా ఆకాశవాణియే.

ఈ వాద్యము మన దేశమున పుట్టినది కాదు. 1842లో పారిసు నగరమున అలెగ్జాండర్ దెబేన్ దీనికి పేటెంటు పొందినాడు. దాని తిత్తులను కాళ్లతో తొక్కవలెను. వాయించువాడు కుర్చీపై కూర్చుండవలెను. నేలపై చాప పరచుకొని పాడు మనకు అది కుదరలేదు. 19వ శతాబ్ది చివరి భాగమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని చిన్న పెట్టెగా మార్చి, ఒక చేత తిత్తి కొట్టుచు మరొక చేత మెట్లు నొక్కుటకు వీలు కల్పించినాడు. అప్పటినుండి అది మన ఇంటి పెట్టె అయినది.

తెలుగునాట పద్యనాటకమునకు ఈ పెట్టె ప్రాణమైనది. మైకులు లేని కాలమున నటుని శ్రుతిని నిలిపినది, అతడు రాగము తీసి ఊపిరి పీల్చుకొను వేళ అందుకొన్నది, చివరి వరుస దాక వినిపించినది హార్మోనియమే.

అయినను విద్వాంసులనేకులు దానిని మెచ్చలేదు. దాని స్వరములు తయారీనాడే బిగింపబడినవి. ఒక స్వరమునుండి మరొక దానికి జారుటకు, గమకమున ఊగుటకు వీలు లేదు. తోడిలోని గాంధారమును వీణ ఊపి పలికించును. హార్మోనియం చెప్పి ఊరకుండును. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగమును నడిపిన ఆంగ్లేయుడు జాన్ ఫౌల్డ్స్ 1938లో 'ఇండియన్ లిసనర్' అను కార్యక్రమ పత్రికలో దీనిని ఖండించుచు వ్యాసము వ్రాసినాడు. శీర్షికలోనే పేరును విరిచి, మొదటి భాగమునకు ఇంగ్లీషున 'హాని' అను అర్థము కలదని చమత్కరించినాడు. రవీంద్రనాథ ఠాకూరు కూడ ఈ వాద్యమునకు వ్యతిరేకియే. 1940 మార్చి 1 నుండి రేడియోలో హార్మోనియం నిషిద్ధమైనది.

విదేశీయమగుటయే నేరమందుమా? వయొలిన్ కూడ ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టినారు. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానిని మన వాద్యమే అనిపించినారు. మెట్లు లేని తంత్రిపై వేలు ఎటైనను జారును, గమకము పలుకును. కనుక అభ్యంతరము పుట్టుకను గూర్చి కాదు, స్వభావమును గూర్చినది. ఆ మేరకు అది న్యాయమే.

కాని రాగాలాపనకు తగనిది నాటకపద్యమునకును, భజనకును తగదనుట న్యాయమా? 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమగునప్పటికే నిషేధమునకు ఎనిమిదేండ్లు నిండినవి. ఊరి పందిరిలో తెల్లవార్లు మ్రోగిన వాద్యమునకు స్టూడియో గడప దాటు భాగ్యము లేదు. 1971లోగాని ఈ ఆంక్ష సడలలేదు. అప్పుడైనను దానికి దొరికినది ప్రక్కవాద్యపు పీట మాత్రమే.

ఈ కథలో మా వృత్తివారు నేర్వవలసిన పాఠమొకటి కలదు. విద్వాంసులు చెప్పిన లోపము నిజమే. వారు మరచినది దాని అవసరము. రేడియోలో పాడువాని ముందు మైకు ఉన్నది. గొంతును దూరమునకు మోయు పెట్టెతో అతనికి పని లేదు. పందిరిలో పాడువానికి ఆ పెట్టెయే మైకు. మైకు ముందు కూర్చున్నవారు చివరి వరుసను మరచుట సులభము. మా శ్రోతలందరును ఆ చివరి వరుసలోనివారే కదా! ఏది వినదగినదో నిర్ణయించు ముందు మేము వారిని ఒకసారి తలచుకొనుట మంచిది.