కన్నెందుకు అదురుతుంది: శకునం నుంచి సూది పరీక్ష దాకా

కనురెప్ప, భుజం, తొడ తమంతట తామే చిన్నగా కొట్టుకోవడాన్ని తెలుగులో అదరడం అంటారు, కన్నడలో అదురువుదు అంటారు. రెండూ ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చిన మాటలు. బెంగళూరు తూర్పు అంచున, తెలుగు, కన్నడ, తమిళం ఒకే వీధిలో వినిపించే కాడుగోడిలో ఈ మాటకు అనువాదం అక్కర్లేదు. దాన్ని అంటిపెట్టుకున్న నమ్మకానికీ అక్కర్లేదు. మగవాళ్లకు కుడికన్ను, ఆడవాళ్లకు ఎడమకన్ను అదిరితే మేలు, తారుమారైతే కీడు.

ఈ లెక్క చాలా పాతది. వాల్మీకి సుందరకాండలో అశోకవనంలో ఆశ వదులుకున్న సీతకు ఎడమకన్ను, ఎడమభుజం, ఎడమతొడ అదురుతాయి. ఆ వెంటనే హనుమంతుడి మాట చెవిన పడుతుంది. కాళిదాసు శాకుంతలంలో ఆశ్రమంలో అడుగుపెడుతున్న దుష్యంతుడికి కుడిభుజం అదురుతుంది. అదే నాటకం అయిదో అంకంలో రాజసభకు వచ్చిన శకుంతలకు అదిరేది కుడికన్ను, ఎదురయ్యేది తిరస్కారం. కథలో రాబోయే మలుపును ముందే చెప్పడానికి కవులకు ఇంతకంటే చిన్న గుర్తు దొరకలేదు. ఈ విద్య మనకే పరిమితం కాదు. మెలాంపస్ పేరిట ప్రచారంలో ఉన్న గ్రీకు గ్రంథం ఏ అవయవం అదిరితే ఏ ఫలమో వరసగా చెబుతుంది. అటువంటి పట్టికలు ఈజిప్టులో దొరికిన పపైరస్ ముక్కల్లోనూ ఉన్నాయి.

శకునశాస్త్రం ఫలం అడిగితే వైద్యం కారణం అడిగింది. చరకసంహిత శరీరంలోని కదలికలన్నిటికీ వాయువునే కర్తగా చెప్పి, వణుకును 80 వాతవ్యాధుల్లో చేర్చింది. ఇటలీలో గాల్వానీ చచ్చిన కప్ప కాలు విద్యుత్తు తగిలితే ఎగిరిపడటాన్ని గమనించి 1791లో ప్రకటించాక, కండరం కదలికకూ విద్యుత్తుకూ ఉన్న లంకె బయటపడింది. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం కొన్ని కండపోగులను తన చేతిలో పెట్టుకుంటుంది. పిక్కలో ఆ పోగులు వందల నుంచి వెయ్యికి పైగా ఉంటాయి. నాడీకణం, దాని పోగులు కలిసిన ఈ జట్టుకు 1925లో ఆంగ్ల శరీరశాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ బృందం పేరు పెట్టింది. మనిషి కోరకుండానే ఒక జట్టు ఒక్కసారి ముడుచుకుంటే చర్మం కింద అల కదిలినట్టు కనిపిస్తుంది, కానీ సాధారణంగా కీలు కదలదు. అదురంటే ఇంతే.

దీనికి వైద్యులు పేర్లు పెట్టుకుంటూ వచ్చారు. కండ అలలు అలలుగా కదలడాన్ని 1895లో జర్మన్ వైద్యుడు షుల్ట్జె అల అని అర్థమిచ్చే గ్రీకు మాటతో మయోకీమియా అన్నాడు. 1938లో డెనీ-బ్రౌన్, పెనీబేకర్ కంటికి కనిపించే అదురైన ఫాసిక్యులేషన్‌నూ, సూది పరీక్షకు మాత్రమే అందే ఫిబ్రిలేషన్‌నూ వేరు చేశారు. అంతకుముందే 1869లో షార్కో వర్ణించిన ఏఎల్ఎస్ అనే నాడీక్షయంలో కూడా ఫాసిక్యులేషన్ ఉంటుంది. అలా కీడు అన్న పాత భయం కొత్త పేరుతో తిరిగొచ్చింది. ఆ భయం ఎక్కువగా పట్టుకున్నది ఆ పేరు చదువుకున్నవాళ్లనే. తమ కండ అదిరితే ఏఎల్ఎస్ అనుకుని కంగారుపడే వైద్యుల మీద 2013లో ఏకంగా ఒక వ్యాసమే వచ్చింది.

ఆ భయాన్ని తగ్గించింది లెక్కలే. 1963లో రీడ్, కర్లాండ్ అనే పరిశోధకులు ఆరోగ్యవంతులను అడిగి చూస్తే సుమారు 70 శాతం మంది తమకు కండ అదురుతుంటుందని చెప్పారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు వట్టి అదురు మాత్రమే ఉన్న 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల పాటు గమనించి 1993లో ఫలితం ప్రకటించారు. వారిలో ఒక్కరికీ నాడీక్షయం రాలేదు.

నిద్ర చాలకపోవడం, అలసట, ఆందోళన, కాఫీ ఎక్కువ కావడం, గట్టిగా వ్యాయామం చేయడం మామూలు కారణాలు. రాత్రి షిఫ్టులు నడిచే వైట్‌ఫీల్డ్, కాడుగోడి ప్రాంతంలో ఇవేవీ అరుదు కావు. థైరాయిడ్ తేడాలు, కాల్షియం, మెగ్నీషియం తగ్గడం, ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్ వంటి మందులు కూడా కండను అదిరిస్తాయి. పురుగుమందు కొట్టిన రైతుకు చెమట, చొంగతో పాటు ఒళ్లంతా కండలు అదిరితే మాత్రం అది విషప్రభావం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పరీక్షించే వైద్యుడు అదురును ఒంటరిగా చూడడు. మడమల మీద, మునివేళ్ల మీద నడిపిస్తాడు, పిడికిలి పట్టు చూస్తాడు, రెండు పిక్కల మందం పోల్చుతాడు. అవసరమైతే కండలోకి సన్నని సూది దింపుతారు. అప్పుడు అదురు ఆ సూదికి కలిపిన పరికరం స్పీకర్లో చప్పుడుగా వినిపిస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో గౌరీదేవి బృందం 1984లో వర్ణించిన జబ్బు ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అందులో యువకులకు ఒక చెయ్యో కాలో మాత్రమే సన్నబడి, కొన్నేళ్లకు ఆ క్షయం ఆగిపోతుంది. అక్కడ జబ్బును పట్టించేది కండ కరగడం, అదరడం కాదు. పట్టు సడలినా, కండ తరిగినా, మాట ముద్దయినా, మింగుడు పడకపోయినా నరాల వైద్యుణ్ని కలవాలి. ఇవేవీ లేని అదురు, ఏళ్ల తరబడి వచ్చిపోతున్నా, సాధారణంగా నిరపాయమే.