చిరు పోయి సిరి వచ్చె!

మొన్నామధ్య కర్నూల్లో ఓ పెద్ద దుకాణానికి వెళ్ళాను. అద్దాల అరలో, రంగురంగుల పొట్లంలో కొర్రలు! పైన బంగారు అక్షరాల్లో 'సిరిధాన్యం' అని రాసుంది. ధర చూద్దునుగదా, పక్కనున్న సోనామసూరి కంటే ఎక్కువ! నవ్వొచ్చింది. వెనకే సిగ్గూ వేసింది. ఆ సిగ్గు సంగతి చివర్లో చెబుతాను.

మా సీమవాళ్ళకు సరుకు అంటగట్టడం అంత సులువు కాదు సుమండీ! 1860లలో ఇంగ్లీషువాళ్ళ మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వించింది. అదే కె.సి. కెనాల్. నీళ్ళమ్మి లాభాలు గడిద్దామని వాళ్ళ ఎత్తు. తీరా నీళ్ళొచ్చాక కొనేవాళ్ళే కరువయ్యారు! నల్లరేగడిలో వానకే జొన్నా కొర్రా పండుతుంటే, తీరువా కట్టి నీళ్ళెందుకని రైతుల లెక్క. కంపెనీ నష్టాల్లో పడింది. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది.

తర్వాత కాలువ కింద వరి పచ్చగానే పండిందనుకోండి. అయినా మెట్ట ఊళ్ళలో వరిబువ్వంటే పండగే. తక్కిన రోజుల్లో జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నం.

ఆ అలవాటును గట్టిగా కదిలించింది 1983. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. పండగ బువ్వ రోజూ బువ్వయింది. చవకదనం వల్లే జనం మారారని అందరూ అంటారు. జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉండే మా జేజిని తర్వాతెప్పుడో అడిగితే వేరే మాట చెప్పింది.

"బియ్యం సవకని కాదు మే, దంచే బాధ తప్పె గదా!"

నిజమే. కొర్రల పొట్టు ఊడాలంటే రోకలి పట్టాలి, చేట పట్టాలి, మళ్ళీ రోకలి పట్టాలి. ఆడవాళ్ళ రెక్కల నొప్పి ఏ ధరల పట్టీలోనూ కనబడదు మరి.

అలా వెనకబడిన కొర్రలకు మళ్ళీ మంచిరోజులొచ్చాయి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన డాక్టర్ ఖాదర్ వలి ఊరూరా వీటి గురించి చెప్పారు. 2018లో కేంద్రం వీటిని పోషకధాన్యాలంది. మన దేశం కోరగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇక వ్యాపారులు ఊరుకుంటారా? పొట్లాల మీద 'సిరి' అని రాశారు. 'చిరు' కాస్తా 'సిరి' అయ్యేసరికి బీదల తిండి గొప్పవాళ్ళ పథ్యమైంది! ఇప్పుడు ఊళ్ళో మా పిన్నమ్మ పండిన కొర్రలు అమ్మేసి రేషన్ బియ్యం వండుకుంటోంది. పట్నంలో నేను కొర్రలు కొంటున్నాను.

ఇక నా సిగ్గు కథ. రోకలి మూలపడ్డా, జేజి ఏడాదికోసారి నాకోసం కొర్రలు దంచి కడపకు తెచ్చేది. ఆరో క్లాసులో ఉండగా ఓసారి నా క్యారియర్లో కొర్రన్నం, ఊరిబిండి పెట్టి పంపింది. స్నేహితురాళ్ళు తొంగిచూసి, "ఇదేందే, పిట్టల మేతా?" అన్నారు.

"మాది కాదు, ఎవరిదో క్యారియర్ మారిపోయింది" అనేశాను.

ఆకలితోనే ఇంటికొచ్చాను. జేజి బరువుగా ఉన్న క్యారియర్ అందుకుంది. ఏమీ అడగలేదు. మరుసటేడు కొర్రలు తేలేదు.

ఆ రోజు దుకాణంలో పొట్లం కొన్నాను. దంచే పని లేదు, చెరిగే పని లేదు. ఇరవై నిమిషాల్లో ఉడికిపోయాయి. భోజనానికొచ్చిన మా ఆయన స్నేహితులు "అబ్బ, సిరిధాన్యాలే!" అని మెచ్చుకుంటుంటే, ఈసారి గట్టిగానే చెప్పాను:

"కాదండీ, కొర్రలు. మా జేజి వండేది."