గ్రామరక్షణము – ప్రజావిశ్వాసము



లెక్కలు వ్రాయుచు బ్రదికిన నావంటివాడు రక్షకభటులను గూర్చి వ్రాయబూనుట సాహసమని కొందరకు తోచవచ్చును. కాని ఖాతాకును కావలికిని ఆధారమొక్కటే. అది నమ్మకము.

మన ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తును రాజులు బలవంతముగా హరించెడివారు. తాను నిర్ణీత సుంకము తప్ప మరేమియు గైకొననని ఆయన మాట యిచ్చెను. ఆ మాటను రాతిపై చెక్కించుటలోనే విశేషమున్నది. చదువ నేర్చిన వాడెవడైనను దానిని చూపి రాజోద్యోగిని నిలదీయవచ్చును గదా!

నిజాము పాలనలో మన పల్లెలయందు పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ అను మువ్వురు అధికారులుండిరి. మొదటివాడు శాంతిభద్రతలను, రెండవవాడు శిస్తు వసూలును, మూడవవాడు లెక్కలను చూచెడివారు. వారిలో సజ్జనులు లేకపోలేదు. అయినను ఆ పదవులు వంశపారంపర్యములగుటచే ప్రజలకు జవాబు చెప్పవలసిన అగత్యము వారికి కలుగలేదు. కచ్చేరీ భాష ఉర్దూ; తన ఫిర్యాదులో ఏమి వ్రాయబడినదో రైతునకు తెలియుట అరుదు. మా వృత్తివారును ఈ నిందకు వెలియైనవారు కారు. కొరడా చేయు పనిని కలము కూడ చేసినది.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో ఊరేగింపుగా వెడలిన ప్రజలపై విసునూరు దేశముఖు మనుష్యులు కాల్పులు జరుపగా దొడ్డి కొమురయ్య నేలకొరిగెను. గడీకి అతిథియైన పోలీసు గుడిసెకు రక్షకుడు కాజాలడని పల్లెలు గ్రహించినవి. పూర్వపు ఓరుగల్లు జిల్లాలోనిదై నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన బైరాన్‌పల్లి ప్రజలు తామే రక్షకదళమై బురుజుపై కావలి కాచిరి. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాము బలగములు ఆ యూరిపై బడి ఘోరమైన మారణకాండ జరిపిరి. మూడు వారములకే, సెప్టెంబరు 17న, నిజాము సైన్యము లొంగిపోయెను. ఆయుధము ఒకచోట, విశ్వాసము మరొకచోట నున్న రాజ్యమునకు ఆయువు స్వల్పము.

1829లో లండను నగరమున రాబర్టు పీలు పోలీసుదళము నేర్పరచినప్పుడు, అది ప్రజలకు సైన్యమువలె తోచకుండుటకై ఎఱ్ఱని దుస్తులు మాని నీలిదుస్తులు తొడిగించిరి. దుస్తుల రంగుకే అంత విచారము చేసినచో, నడవడికి ఇంకెంత కావలయును!

వంశపారంపర్య గ్రామాధికారములు 1984లో రద్దయినవి. 2015లో వరంగల్లునకు పోలీసు కమిషనరేటు వచ్చినది. నేడు ఫిర్యాదు నమోదైన పిమ్మట దాని ప్రతిని ఫిర్యాదుదారునకు ఉచితముగా ఇచ్చితీరవలెనని చట్టము చెప్పుచున్నది. నా దృష్టిలో అదియే మన కాలపు అభయశాసనము. కాని శాసనము చదువువాడు లేనిచో రాయి రాయిగనే యుండును. ప్రతి నిమ్మని అడుగు ధైర్యము చదువువలన గలుగును. అడిగినవానికి వెంటనే ఇచ్చు ఠాణాయందే ప్రజలకు నమ్మకము కుదురును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన యూర దీపము వెలిగించుచున్నది. దీపమున్న వీధిలో కావలివాని పనియు సులువగును.