కట్టకు మా చేతులు, ఓటు వాళ్లకు

కాణి అంటే తడి నేల, పాకం అంటే దానిలోకి పారే నీళ్లు. కాణిపాకానికి పేరట్లా వచ్చిందంటారు. అక్కడ బావి తవ్విన ముగ్గురన్నదమ్ముల కథ అందరికీ తెలుసు. చుట్టుపక్కల చెరువుకట్టలకు మట్టి మోసినోళ్ల కథ మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే నేను రాస్తున్నా.

కాణిపాకం పక్కనే మా ఊరు. మా నాయన నీరుగంటి. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంత నీళ్లో చూసేది ఆయనే. జీతం లేదు. కళ్లంలో పోసే మేర గింజలే. వానల్లో రాత్రిపూట లాంతరు పట్టుకొని కట్టమీద తిరిగేవాడు. ఎండ్రకాయల బొక్కలు, ఎలక బొక్కలు వెతికేవాడు. కట్ట వెనక ఊట కనబడితే దోసిట్లో పట్టి చూసేవాడు.

"తేట నీళ్లొస్తే అంత భయంలేదు రా. బురద నీళ్లొస్తే కట్ట లోపల కరిగిపోతా ఉండాదని" అనేవాడు.

కోసుకుపోయిన కట్టను బాగుచేసేది ఆయన దగ్గరే నేర్చుకున్నా. మెత్తబడిన మట్టినంతా గట్టి నేల తగిలేదాకా తీసెయ్యాల. జిగురు మన్ను జానెడు మందాన పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాల. దానిమీద ఇంకో పొర. ఒకేసారి గుమ్మరిస్తే మొదటి వానకే జారిపోతుంది. నీళ్లవైపు అలలు కొయ్యకుండా రాళ్లు పేర్చాల.

ఒకసారి మొరవ పక్కన కట్ట తెగబోయింది. దప్పు కొట్టి వాడవాడంతా పిలిచినారు. రాత్రంతా గంపలు చేతులు మారినాయి. అప్పుడు ఎవరికీ అంటు గుర్తురాలేదు. తెల్లారినాక మా అమ్మ దప్పికని నీళ్లడిగితే, ఎత్తునుంచి దోసిట్లో పోసినారు.

ఇది మా ఊరి మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. చెరువుకట్ట తెగే ప్రమాదముంటే కూలిజనాన్ని బలవంతంగా పనికి పిలవొచ్చు. రాకపోతే శిక్ష. అప్పటికి మాది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. జిల్లా మారినా గంప దిగలేదు.

1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. ఓటు ఆయకట్టులో భూమి సాగుచేసేవాళ్లకు. జీవితమంతా తూము కాసిన మా నాయనకు సెంటు భూమి లేదు. సంఘం ఎన్నికనాడు ఆయన బయట చెట్టుకింద కూచున్నాడు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ తర్వాతనే చెరువు పనికి మస్టరులో మా పేర్లెక్కినాయి. మా అమ్మ మట్టి మోసి డబ్బు కూలి తీసుకున్నది అప్పుడే మొదటిసారి.

2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు ఊట పట్టింది. కింది ఊళ్లు ఖాళీ చేయించినారు. ఆ వార్త విన్నప్పుడు నాకు మా నాయన దోసిలే కళ్లముందు నిలిచింది. అట్లాంటి మనుషులు ఊరికొకరు ఉండేవాళ్లు. గింజలు విదిలించి వాళ్లను ఇంటికి పంపినాము.

కట్ట నిలబెట్టినోళ్లకు దాని కింద భూమి కావాల. సంఘంలో ఓటు కావాల. మేము అడిగేది దయ కాదు, బాకీ.