వయ్యారిభామ వలస కథ

గోదావరిఖని ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బల అంచున, రైలుపట్టాల పక్కన, తెల్లని చిన్న పూలతో, క్యారెట్ ఆకులను పోలిన చీలిన ఆకులతో పెరిగే వయ్యారిభామను మీరు చూసే ఉంటారు. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఈ మొక్కకు 1753లో లినేయస్ పార్థీనియం హిస్టెరోఫోరస్ అని నామకరణం చేశాడు. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణమండలం. పూణె పరిసరాల్లో దీని ఉనికి 1956లో నమోదైంది. కొన్ని దశాబ్దాల్లోనే దేశమంతటా వ్యాపించింది. ఒక్కో మొక్క వేలాది విత్తనాలు రాల్చడమే అందుకు ముఖ్య కారణం. 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పెంకుపురుగు ఆకులు తిన్నది కాని, దీన్ని నిర్మూలించలేకపోయింది.

ఇందులోని పార్థెనిన్ చర్మంపై దురద, దద్దుర్లు కలిగిస్తుంది; పుప్పొడి తుమ్ములను, ఉబ్బసాన్ని రేపుతుంది. ప్రతి ఆయాసానికీ బొగ్గు దుమ్మే కారణమని మీరే నిర్ణయించుకోకండి. ఇంటి చుట్టూ ఈ మొక్క ఉంటే వైద్యునికి తప్పక చెప్పండి. చేతితొడుగులు, మాస్కు ధరించి, పూతకు రాకముందే వేళ్లతో సహా పెరికివేయండి.