కొండ చదువు ఎవరిది?

నిమ్మనపల్లె బాహుదా ప్రాజెక్టు కట్ట మీద మేకలు కాసే కుర్రవాడొకడు నాకు కనిపించాడు. ఏ ఆకు మేక ముట్టదో, ఏ వంక ఎన్నాళ్ళు పారుతుందో తడుముకోకుండా చెప్పాడు. బడి మానేశాడట!

బాలలకు ఆరుబయటి విద్య అన్నది మొదటినుంచీ హక్కుల సమస్యే. బేడెన్ పవెల్ స్కౌటు సంస్థలో మన పిల్లలకు ప్రవేశం లేనందుననే అనీబిసెంటు 1916-17 ప్రాంతంలో మద్రాసులో వేరే సంఘం పెట్టవలసివచ్చింది. 1921లో గాని రెండూ కలియలేదు.

ఆ దివ్యజ్ఞాన సమాజ వాతావరణంలోనే 1918లో మద్రాసు గిండీలో పుట్టిన బడి, తరువాత తెట్టు సమీపపు లోయకు తరలి రిషివ్యాలీ అయింది. బోడికొండలపై మొక్కలు పెంచారు, వాననీటిని నిలిపారు. 1991లో లోయ పక్షుల రక్షిత స్థలమైంది. మెచ్చదగిన కృషే. కాని అది జీతం కట్టి చదివే వసతి పాఠశాల. కొండకింది పల్లె పిల్లల మాటేమిటి?

1980లలో ఆ సంస్థే చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు తెరిచింది. ఎవరి వేగాన వారు చదువుకునే కార్డులు తయారుచేసింది. నా దృష్టిలో అసలైన ముందడుగు ఇదే.

కొండను పాఠంగా చెప్పినంతమాత్రాన చాలదు. ఆ మేకలకాపరి బడిలో కూర్చోగలగాలి, అతని ఎరుకకు అక్కడ విలువ దక్కాలి. లేకుంటే ప్రకృతి ప్రేమ సైతం కలవారి విలాసంగానే మిగులుతుంది.